రెండో పిత్తాశయం

కడుపు పట్టుకుని బల్ల మీద ముడుచుకు పడుకున్న మనిషికి అసలు పిత్తాశయమే లేదనీ, దాన్ని నిరుడే కోసి తీసేశారనీ ఆస్పత్రి బీమా కౌంటర్లో అమ్మాయి చెప్పింది.

ఆ మాట ఇంకెవరితోనో అంటోందేమోనని మిషనమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. గోడవారనున్న ఇనప బల్ల మీద ఆమె భర్త ఒక్కడే ఉన్నాడు, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, కింది పెదవి కొరుక్కుంటూ.

"ఎవరికి తీశారమ్మా?" అంది.

"మీవారికేనండీ. ఇదే పేరు, ఇదే కార్డు. వేరే ఆస్పత్రిలో చేయించుకున్నారు. బిల్లు కంపెనీయే కట్టింది. మళ్ళీ అదే ఆపరేషన్ అంటే ఒప్పుకోవడం లేదు."

"లేని సంచిలో రాళ్ళెలా ఉంటాయి తల్లీ? పొద్దున మీ స్కానింగ్ గదిలోనే కదా చూశారు. రాళ్ళున్నాయి, సంచి వాచిపోయింది అన్నారు."

"కంపెనీ వాళ్ళూ అదే అడుగుతున్నారు. మనిషికి రెండు ఉండవు కదా అని."

అమ్మాయి కంప్యూటర్ వైపు చూస్తూనే చెప్పింది. గొంతులో ఎగతాళి లేదు, జాలి కూడా లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇలాంటి కబుర్లు చెప్పి చెప్పి ఆ గొంతు ఇస్త్రీ చేసిన గుడ్డలా సాపుగా అయిపోయింది.

మిషనమ్మ మెడలోని టేపును వేలికి చుట్టుకుంది. పొద్దున ఆయన కేక పెట్టినప్పుడు ఎవరిదో చొక్కా చెయ్యి కొలుస్తోంది. టేపు మెడలో ఉండగానే ఆటో ఎక్కేసింది. అద్దె వాటా ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని ఏళ్ళ తరబడి కుడుతుంటే వీధివాళ్ళు ఆమె అసలు పేరు మర్చిపోయి మిషనమ్మ అనేశారు. భర్త లిఫ్టుల కంపెనీలో మెకానిక్కు. ఈ బీమా కార్డు ఆ కంపెనీ ఇచ్చిందే. అందులో ఉన్నవి ఇద్దరి పేర్లే, ఆయనదీ ఆమెదీ. దాన్ని ఆమె మిషను సొరుగులో, బొత్తాల డబ్బా కింద పెట్టింది. ఈ రోజు దాకా తీయాల్సిన అవసరం రాలేదు. కనీసం ఆమెకు రాలేదు.

"అయితే ఇప్పుడేం చెయ్యాలి?"

"బిల్లు మొత్తం ముందే మీరు కట్టుకోవచ్చు. లేదంటే కంపెనీకి రాసి పంపాలి. వాళ్ళు మనిషిని పంపించి విచారించుకుంటారు."

"మొత్తం అంటే?"

అమ్మాయి చిన్న కాగితమ్ముక్క మీద ఒక అంకె వేసి కిటికీ కిందినుంచి తోసింది. మిషనమ్మ చూసి దాన్ని మళ్ళీ లోపలికే తోసేసింది.

"మిషను అమ్మినా, మిషనమ్మను అమ్మినా అంత రాదు. కంపెనీకే రాయి."

"ఏమని రాయమంటారు?"

"మావారి కార్డు ఎవడో దొంగ వాడుకున్నాడని రాయి. వాడెవడో పట్టుకోమని రాయి. పట్టుకుని జైల్లో వెయ్యమని కూడా రాయి."

బల్ల మీంచి భర్త చెయ్యి ఎత్తాడు. గాల్లో ఏదో తుడిచేస్తున్నట్టు ఆడించాడు.

"వద్దు. వదిలెయ్. మాత్రలు వేసుకుంటే అదే తగ్గుతుంది."

"మీరు ఊరుకోండి. లిఫ్టు తెగి కింద పడ్డా, మెట్లెక్కి వెళ్ళిపోతారులే అనే రకం మీరు," అందామె. కౌంటర్ అమ్మాయి మొదటిసారి తలెత్తి చూసింది, నవ్వబోయి మానేసింది. మిషనమ్మ కలం అందుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

*

ఆయన్ని మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. చేతికి సెలైన్ పెట్టారు. నోటికి ఏమీ ఇవ్వొద్దనీ, దాహమంటే తడిగుడ్డతో పెదాలు అద్దమనీ నర్సు చెప్పింది. డాక్టరమ్మ వచ్చి కుడి డొక్క కింద రెండు వేళ్ళు పెట్టి నొక్కింది. ఆయన మంచం పట్టె పట్టుకుని పైకి లేచిపోయాడు.

"మందులతో కాస్త ఆపగలం. ఎక్కువ రోజులు ఆగదు," అంది డాక్టరమ్మ. "లోపల పగిలిందంటే అప్పుడిక నా చేతుల్లో కూడా ఉండదు. ఆ బీమా సంగతి తొందరగా తేల్చుకోండి."

మిషనమ్మ ఆ రాత్రంతా కాళ్ళ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, తెల్లవారగానే ఇంటికి వెళ్ళి, పూర్తికావలసిన చొక్కాలు సంచీలో వేసుకుని తిరిగొచ్చింది. చేతికుట్టు పని మిషను లేకపోయినా అవుతుంది. కాజాలు కుడుతూ, దారం పంటితో తెంపుతూ, దొంగ ఎవరా అని ఆలోచించింది.

ఎక్కువ సేపు ఆలోచించాల్సిన పని లేకపోయింది. భర్తకి ఒక అన్న ఉన్నాడు. ఆమెకు బావగారు. ఆయన ఎవరింటికి వెళ్ళినా చేతులూపుకుంటూ వెళ్ళి, చేతినిండా పట్టుకుని వస్తాడు. తమ్ముడి గొడుగు ఆయన దగ్గరే ఉంది. తమ్ముడి నిచ్చెన ఆయన దగ్గరే ఉంది. నాలుగు చినుకులు పడితే చెప్పుల జత మార్చుకుని పోయిన రోజు కూడా ఉంది. అన్నదమ్ములిద్దరివీ ఒకే ముక్కు, ఒకే బట్టతల. కార్డు మీది పాత ఫోటో పక్కన ఎవరు నిలబడ్డా సరిపోతుంది. పైగా నిరుడు ఆయనే ఓ పది రోజులు కనిపించకుండా పోయి, తిరిగొచ్చి నీరసంగా ఉన్నానన్నాడు.

మధ్యాహ్నం ఆయన రానే వచ్చాడు, అరటిపళ్ళ అత్తం పట్టుకుని. నోటికేమీ ఇవ్వని రోగికి అరటిపళ్ళు తెచ్చినందుకే ఆమెకు సగం కోపం వచ్చింది. చొక్కా, సూదీ పీట మీద పెట్టి వరండాలోకి నడిచింది. ఆయన వెనకే వచ్చాడు.

"బావగారూ, నిరుడు మీ ఒంట్లో బాగోలేదన్నారు. ఏమైంది మీకు?"

"నిరుడా? జ్వరం. ఎందుకమ్మా?"

"జ్వరమేనా, కడుపులో ఏదైనా కోయించుకున్నారా?"

ఆయన ముఖంలో రంగు మారింది. సంగతి ఆయనకీ చేరినట్టే ఉంది. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటానని చూస్తున్నావా?"

"తడుముకోమని నేను అనలేదు. అడిగాను. తమ్ముడి వస్తువంటే మీకు మీ వస్తువే కదా. గొడుగైతే ఏమిటి, కార్డైతే ఏమిటి?"

వరండాలో చక్రాల కుర్చీ తోసుకుపోతున్న మనిషి ఆగాడు. కుర్చీలో ముసలాయన కూడా మెడ తిప్పాడు. బావగారు అరటిపళ్ళ అత్తం నేల మీద పెట్టాడు. చొక్కా బొత్తాలు పైనుంచి ఒక్కొక్కటే విప్పాడు. బనీను పట్టుకుని ఛాతీ దాకా ఎత్తేశాడు. తెల్లటి పొట్ట, ముసలి వెంట్రుకలు. గీత లేదు, గాటు లేదు, మచ్చ లేదు.

"చూడు," అన్నాడు. "కొలతలు తీసుకుంటావా? టేపు తెచ్చుకున్నావుగా."

మిషనమ్మ నేల చూపులు చూసింది.

"గొడుగు నా దగ్గరే ఉంది. నిజమే. నిచ్చెన కూడా ఉంది. రేపు రెండూ పంపిస్తాను," అంటూ ఆయన బనీను కిందికి లాక్కున్నాడు. తొందరలో బొత్తాలు కాజాల్లో పడలేదు. ఆ చొక్కా ఆమె కుట్టిందే. సాయం చెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన సగం బొత్తాలతోనే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పళ్ళు అక్కడే ఉండిపోయాయి.

లోపలికి వచ్చేసరికి భర్త కళ్ళు తెరిచి ఉన్నాడు. అన్నీ వినపడ్డాయని ఆ కళ్ళే చెప్పాయి.

"మా అన్నని ఎందుకు అన్నావు?"

"ఎవరో ఒకరు చేశారు కదండీ. ఆకాశంలోంచి ఊడిపడి ఎవడూ మీ పేరు పెట్టుకోడు."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందే," అన్నాడు ఆయన నెమ్మదిగా. గోడ వైపు తిరిగాడు. "ఆ కాగితం వెనక్కి తీసుకో."

కడుపునొప్పి మనిషి కడుపు సామెత చెప్పాడనుకుంది ఆమె. అంతకు మించి ఆలోచించలేదు.

*

విచారణకు వచ్చినాయన మరుసటి పొద్దున్నే దిగాడు. పొట్టిగా, చెవుల్లో వెంట్రుకలతో, రిటైర్ కావాల్సిన వయసులో ఉన్నాడు. చేతిలో స్టీలు నీళ్ళ సీసా ఒకటి, చంకలో బ్యాగు ఒకటి. మంచం దగ్గర నిలబడి, ముందు రోగిని కాకుండా కిటికీనీ, పీటనీ, పీట మీది చొక్కానీ చూశాడు.

"కాజాలు చేత్తో కుడతారా? ఈ రోజుల్లో ఎవరూ కుట్టడం లేదు," అన్నాడు. తర్వాత భర్త వైపు తిరిగి, "ఒక్కసారి చొక్కా ఎత్తండి," అన్నాడు.

భర్త ఎత్తాడు. వచ్చినాయన కళ్ళద్దాలు తుడుచుకుని, వంగి, తీరుబడిగా చూశాడు.

"మచ్చలేవీ లేవు. నిరుడు ఆపరేషన్ అయింది మీకు కాదు. అంతవరకు మీ ఆవిడ రాసింది నిజం," అని నిటారుగా నిలబడ్డాడు. "ఇక మిగిలింది ఒకటే. కార్డు వాడి చేతికి ఎలా వెళ్ళింది?"

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. భర్త చొక్కా కిందికి లాక్కున్నాడు.

"దొంగ కొట్టేశాడండీ," అంది మిషనమ్మ.

"మంచిదే. మీ తలుపు తీసి ఉంటే వీధి కుక్క కూడా వస్తుంది, మీ తప్పు లేదు. దొంగ వాడుకున్నాడని తేలితే మీవారు నష్టపోయినాయన. పాత లెక్క ఈయన పేరు మీంచి కొట్టేస్తాం. ఈ ఆపరేషన్‌కి అనుమతి నేను ఇక్కణ్ణుంచే ఫోన్లో చెప్పేస్తాను, సాయంత్రానికి లోపలికి తీసుకుపోతారు." సీసా మూత తిప్పి ఒక గుక్క తాగాడు. "అలా కాకుండా, ఈయనే చేతికిచ్చి వెళ్ళి చేయించుకోరా అన్నాడనుకోండి. అప్పుడు ఈయనా అందులో మనిషే. బీమా రద్దవుతుంది. ఈయన కంపెనీకి ఉత్తరం పోతుంది. లిఫ్టుల పని, నమ్మకం మీద నడిచేది. ఉంచుకోరు. అటు తర్వాత పోలీసులు. నేను భయపెట్టడం లేదు, ఉన్నది చెప్తున్నాను."

"మరి దొంగ దొరకాలి కదండీ?"

"దొరకాలి. ఒట్టి మాట మీద అనుమతి ఇస్తే నా ఉద్యోగం పోతుంది. ఆ ఆస్పత్రిలో పాత కాగితాలు చూసి రేపు పొద్దున వస్తాను. ఈలోగా ఏదైనా గుర్తొస్తే మంచిది," అన్నాడు. చివరి మాట భర్త వీపుతో అన్నాడు. ఆయన అప్పటికే గోడ వైపు తిరిగిపోయాడు.

విచారణాయన వెళ్ళిన కాసేపటికి డాక్టరమ్మ రౌండుకు వచ్చింది. అనుమతి వచ్చేస్తుందేమోనన్న ఆశతో మిషనమ్మ ఆపరేషన్ ఎలా చేస్తారని అడిగింది. డాక్టరమ్మ జేబులోంచి పెన్ను తీసి, మూత వేసే ఉంచి, ఆయన పొట్ట మీద చూపించింది.

"పెద్ద కోత ఉండదు. చిన్న చిన్న రంధ్రాలు. ఒకటి బొడ్డు దగ్గర, ఒకటి ఇక్కడ రొమ్ముకింద, రెండు ఈ పక్కన. మూడో రోజుకి ఇంటికి పంపిస్తాం. కొన్నాళ్ళు బరువులు ఎత్తకూడదు. బెల్టు పెట్టుకోకూడదు, బొడ్డు దగ్గర గాయాన్ని నొక్కుతుంది. నాడా వేసుకునే ప్యాంట్లు ఉన్నాయా ఈయనకి?"

"కుడతానండీ," అంది మిషనమ్మ.

ఆ మాట తన నోట్లోంచి ఇంతకు ముందు కూడా ఒకసారి వచ్చిందని అప్పుడు గుర్తొచ్చింది.

నిరుడు. ముందుగది గుమ్మంలో ఆమె తమ్ముడు నిలబడి ఉన్నాడు, చేతిలో నీలం ప్యాంటు. బెల్టు పట్టీ తీసేసి నాడా వెయ్యి అక్కా, గ్యాసు పట్టేస్తోంది, బెల్టు పెడితే ఊపిరాడడం లేదు అన్నాడు. పెళ్ళి కాకుండానే పొట్ట వచ్చిందేమిట్రా అని ఆమె నవ్వింది. కుడతాలే, అక్కడ పెట్టు అంది. వాడు కూర్చోలేదు. గుమ్మానికి ఆనుకునే నిలబడ్డాడు, ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టుకుని. అంతకు ముందు వారం, పార్సిళ్ళు తీసుకుని ఊరు వెళ్తున్నానని చెప్పి కనపడలేదు. ఆ వారమే భర్త వరసగా డబుల్ డ్యూటీ చేశాడు.

డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్ళిపోయింది. మిషనమ్మ వంగి, గోడ వైపు ఉన్న ముఖం దగ్గర ముఖం పెట్టింది.

"చిన్నోడా?" అంది. ఆమె తమ్ముణ్ణి ఇంట్లో అందరూ అలాగే అంటారు.

భర్త కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు ముక్కు పక్కగా దిండులోకి దిగాయి.

"మెలికలు తిరిగిపోతున్నాడే. కిరాయి గదిలో నేల మీద పడి దొర్లుతున్నాడు. వాడికి ఏ కార్డూ లేదు. మా పనిలో ఒకడి గేటు పాసు మీద ఇద్దరం ముగ్గురం మేడలెక్కేస్తాం. పాసు ఎవరిదైతేనేం, లిఫ్టు నడవాలి. ఇదీ అలాగే అనుకున్నాను. సొరుగులోంచి తీసి నేనే చేతిలో పెట్టాను. లోపలికి వెళ్తే ఇద్దరం దొరుకుతామని ఎదురుగా టీకొట్టులో కూర్చున్నాను."

"మీకు కూడా అదే వస్తుందని..."

"దేవుడికి నామీద ఇంత కక్ష ఉందని నాకేం తెలుసు?" అని ఆయన నవ్వబోయాడు, నొప్పికి మధ్యలోనే ఆగిపోయాడు. "రేపు ఆయన వస్తే నేనే ఇచ్చానని చెప్పేస్తాను. కుర్రాడు. వాడి మీద పడనివ్వకూడదు."

మిషనమ్మ పీట మీది చొక్కా మడిచింది. సూదిని దారపు ఉండలో గుచ్చింది. పట్టుకోమని రాయించింది తనే. జైల్లో వెయ్యమని రాయించిందీ తనే. కింద సంతకం కూడా అందంగా పెట్టింది.

*

తమ్ముడి గది మూడంతస్తుల మేడ పైన, నీళ్ళ ట్యాంకు పక్కన. సందులో వాడి స్కూటరు ఉంది. వెనక పార్సిళ్ళ పెట్టె ఇంకా కట్టే ఉంది. ఆమె మెట్లెక్కి వెళ్ళేసరికి వాడు టీలో బ్రెడ్డు ముంచుకుని తింటున్నాడు.

"రా అక్కా. నేనే వద్దామనుకుంటున్నా. బావకెలా ఉంది?" అంటూ బ్రెడ్డు ముక్క ఆమె వైపు చాపాడు. "తిను. నీ మొహం చూస్తే బావ కన్నా నువ్వే పేషెంటులా ఉన్నావు."

ఆమె తీసుకోలేదు. తలుపు వెనక మేకుకి నీలం ప్యాంటు వేలాడుతోంది. దించి, నడుము దగ్గర వేలితో తడిమింది. నాడా వేసిన చోట తన కుట్టే, దగ్గర దగ్గరగా, రెండు వరసలు. తొందర పనైతే ఒక వరస వేస్తుంది. వాడిదని రెండు వేసింది.

"చొక్కా ఎత్తు," అంది.

వాడి నోట్లో బ్రెడ్డు ఆగిపోయింది. మింగాడు. గ్లాసు నేల మీద పెట్టి, నిలబడి, చిన్నప్పుడు గజ్జి మందు రాయించుకోవడానికి ఎత్తినట్టు ఎత్తాడు. బొడ్డు దగ్గర ఒకటి, రొమ్ము కింద ఒకటి, పక్కన రెండు. బొత్తాలు ఊడిపోయిన కాజాల్లా ఉన్నాయి. ఆమె ఒకదాని మీద వేలు పెట్టింది.

"నొప్పుందా?"

"ఇప్పుడు లేదు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే మిషను అమ్మేసేదానివి," అన్నాడు వాడు.

కాదని అనడానికి లేదు. అమ్మేసేదే. ఆమె వాడి మంచం మీద కూలబడి, ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని, విచారణకు వచ్చినాయన చెప్పినదంతా చెప్పింది. దొంగతనమైతే ఏమవుతుందో, ఇచ్చి పుచ్చుకోవడమైతే ఏమవుతుందో. తన సొంత మాట ఒక్కటీ కలపలేదు. చెప్తున్నంతసేపూ నాడాని మడతపెడుతూ విప్పుతూ ఉంది.

"బావ ఏమంటున్నాడు?"

"రేపు తనే ఇచ్చానని చెప్పేస్తాడట."

"చెప్తే ఉద్యోగం పోతుందిగా."

"పోతుంది."

"ఆపరేషనూ ఉండదు."

"ఉండదు. లోపల పగిలితే తన చేతుల్లో కూడా ఉండదంది డాక్టరమ్మ."

ట్యాంకులోకి నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు. వాడు టీ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండా, అడుగున మిగిలిన బ్రెడ్డు పొడిని చూస్తూ కూర్చున్నాడు.

"అక్కా, దొంగతనానికి ఎన్నాళ్ళు వేస్తారు?"

"నాకేం తెలుసురా."

"ఎక్కువ ఉండదులే. పని చేసుకుంటే జైల్లో కూలి కూడా ఇస్తారంట," అన్నాడు. నవ్వాడు. "నువ్వు కుట్టు నేర్పుంటే పనికొచ్చేది."

వద్దురా అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. లేచి, ప్యాంటుని మేకుకి తగిలించి, వాడి తల మీద ఒకసారి చెయ్యి వేసి, మెట్ల వైపు నడిచింది. మొదటి మెట్టు మీద ఆగింది. వెనక్కి తిరిగితే అనేస్తుంది. తిరగలేదు. గోడ పట్టుకుని దిగిపోయింది.

*

పొద్దున విచారణాయన ఇంకా కళ్ళద్దాలు తుడుచుకుంటుండగానే చిన్నోడు వార్డులోకి వచ్చాడు. తల దువ్వుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అదీ ఆమె కుట్టిందే. రాత్రి జ్వరం పెరిగి భర్త పెదాలు పగిలిపోయాయి. మిషనమ్మ గిన్నెలో గుడ్డ తడిపి అద్దుతోంది.

"మీరు వెతుకుతున్నది నన్నే సార్," అన్నాడు వాడు. అడక్కుండానే చొక్కా ఎత్తి చూపించాడు.

విచారణాయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. పీట లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వెవరు?"

"ఈవిడ తమ్ముణ్ణి. ఈయన బావమరిదిని."

"కార్డు ఎవరిచ్చారు?"

భర్త తల దిండు మీంచి లేచింది. "సార్, అసలు సంగతి..." అంటున్నాడు. మిషనమ్మ తడిగుడ్డను ఆయన నోటి మీద పెట్టింది. మెత్తగానే పెట్టింది. తియ్యలేదు. నీళ్ళు గడ్డం మీదుగా కారి మెడలోకి దిగుతున్నాయి. గుడ్డ పైనుంచి ఆయన కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ఆమె కిటికీ వైపు చూసింది.

విచారణాయన ఆ గుడ్డను చూశాడు. ఆమె చేతిని చూశాడు. తర్వాత ఏమీ చూడనట్టు కుర్రాడి వైపు తిరిగాడు.

"చెప్పు. మొదట్నుంచి, నీ మాటల్లో చెప్పు. కాగితాల్లో ఏముందో నేను నిన్ననే చూశాను. తేడా వస్తే నాకు తెలిసిపోతుంది."

చిన్నోడు చొక్కా కిందికి లాక్కుని, మంచం చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దొంగతనం చేశాను సార్. అక్క మిషను సొరుగులో బొత్తాల డబ్బా కింద ఉంటుంది కార్డు. చిన్నప్పట్నుంచి ఆ సొరుగులో చిల్లర కొట్టేస్తూనే ఉన్నాను, అక్కకి తెలుసు, ఏమీ అనేది కాదు. కార్డు తీసిన సంగతి మాత్రం తెలీదు. బావకీ తెలీదు. ఆయన డ్యూటీకి వెళ్ళాడు. నొప్పికి నాకు కళ్ళు కనపడ్డం లేదు సార్. అది నొప్పి కాదు, లోపల ఎవరో బట్ట పిండుతున్నట్టు ఉండేది. వెళ్ళాను. ఫోటో పాతది, ఎవరూ సరిగ్గా చూడలేదు. పేరడిగారు, బావ పేరు చెప్పాను. వయసు అడిగారు, కలిపి చెప్పాను. ఇంత కుర్రాడిలా ఉన్నావేంటయ్యా అంటే లిఫ్టుల పని, వ్యాయామం అన్నాను. ఎవరూ రాలేదా అన్నారు. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళిందన్నాను. అయితే భార్య పేరు చెప్పు, రాసుకోవాలి అంది ఆ రాసుకునే అమ్మాయి. అక్కడే నోరు పెగల్లేదు సార్. కార్డులో ఉన్నది అక్క పేరే. ఏంటి, పెళ్ళాం పేరు కూడా మర్చిపోయావా అని నవ్వింది. అప్పుడు చెప్పాను. మా అక్క పేరు. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి పేరు, నా పెళ్ళాం పేరని చెప్పాను. మీ కాగితాల్లో అదే ఉంటుంది, చూసుకోండి. ఆ తర్వాత మత్తు ఇచ్చారు. లేచేటప్పుడు ఏదో వాగానంట. నర్సు వచ్చి, అక్కా అక్కా అని ఒకటే కేకలు పెట్టావు, మీ అక్క ఎక్కడుందో చెప్పు, ఫోన్ చేసి పిలిపిస్తాను అంది. మంచిదావిడ. కానీ మా బావకి అన్న ఒక్కడే సార్, అక్కచెల్లెళ్ళు లేరు. దొరికిపోతానని భయమేసింది. నాకు అక్క లేదు అని చెప్పేశాను."